కత్తెరకు ముందు
(శతవత్సరోత్సవాల సందర్భమున స్త్రీల కుట్టు శిక్షణ తరగతి ముగింపు దినమున చేసిన ప్రసంగము)



కుట్టు తరగతిలో పాస్టరుగారికేమి పని అని మీలో కొందరు అనుకోవచ్చును. నేను వేదాంత కళాశాలకు వెళ్ళక ముందు ఎన్నో ఏళ్ళు మా అమ్మ మిషను పక్కనే కూర్చొని చదువుకొన్నాను. మా నాన్నగారు పోయిన తర్వాత మమ్మల్ని పెంచింది ఆ తొక్కుడు మిషనే. కాబట్టి ఈనాడు నాకు తెలిసిన ఆ పనిని గురించే నాలుగు మాటలు చెప్తాను. కుట్టడము గురించి కాదు; కుట్టుకు ముందు జరిగే పని గురించి.

మొదట గుడ్డను ఎరగాలి. నూలు గుడ్డయితే తడిపి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తర్వాతే కత్తెర పట్టాలి. ఉతికినప్పుడు కుంచించుకొనేదేదో ముందే కుంచించుకోవాలి. పిమ్మట పడుగు ఎటు, పేక ఎటు అని చూసుకోవాలి. మగ్గాలున్న ఊళ్ళ వాళ్ళము, ఈ మాటలు మనకు కొత్తవి కావు. అంచు వెంట నిలువుగా నడిచేది పడుగు. అటు లాగితే గుడ్డ అంతగా సాగదు. ఏటవాలుగా లాగితే బాగా సాగుతుంది.

నమూనా కాగితము మీద బాణపు కొనలతో ఒక గీత ఉంటుంది. అది పడుగు వెంట నడవాలి. కంటి అంచనా చాలదు. గీత పై కొన నుండి అంచు వరకు టేపు పెట్టండి, కింది కొన నుండి కూడా పెట్టండి. రెండు కొలతలూ ఒక్కటే కావాలి. తేడా ఉంటే కుట్టిన నాడు తెలియకపోవచ్చు. నాలుగు ఉతుకులు పడేసరికి లంగా ఒక పక్కకు తిరిగిపోతుంది.

తర్వాత ముక్కలన్నీ గుడ్డ మీద పరచి చూడాలి. పెద్దవి ముందు, చిన్నవి సందుల్లో. పువ్వుల గుడ్డలో పువ్వులన్నీ ఒకే వైపుకు లేచి ఉంటే ముక్కలన్నీ ఆ వైపుకే పెట్టాలి. మడత మీద పెట్టమన్న అంచును కోయరాదు. కుట్టు కోసము వదిలే మార్జిను కాగితములోనే కలిసి ఉన్నదా, మనము కలపాలా అని చదువుకోవాలి. అమెరికా నమూనాల్లో సాధారణముగా అంగుళములో ఎనిమిదింట అయిదు వంతులు కలిపే ఉంటుంది. కొన్ని దేశాల పత్రికల్లో వచ్చే నమూనాల్లో అసలే ఉండదు. చివరి ముక్కకు చోటు దొరికిందని చూసుకొన్న తర్వాతే మొదటి ముక్క కోయాలి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నాకు పదిహేనేళ్ళప్పుడు, క్రిస్మసుకు ముందు వారము, అమ్మకు చేతినిండా పని. కలుపు కూలి డబ్బుతో ఒకామె తన కూతురి గౌనుకు గుడ్డ కొని తెచ్చింది. మిగిలిన ముక్కలో రెండు చేతులు కోయమని అమ్మ నాకిచ్చింది. గుడ్డ మడతకు చాలదు, ఒక్కొక్కటే కోయాలి. ఒక చెయ్యి కోశాను. కాగితము తిరగవేయకుండా అలాగే పెట్టి రెండోది కోశాను. రెండూ కుడి చేతులే అయినవి! అచ్చు గుడ్డ, లోపలి వైపు బయటికి పెట్టే వీలు లేదు. కొట్టుకు వెళ్తే ఆ అచ్చు అయిపోయింది. అమ్మ తన డబ్బుతో దానికి కలిసే రంగు గుడ్డ కొని రెండు చేతులూ వేసింది. నన్ను కొట్టలేదు. "గుడ్డ మనది కాదు నాన్నా. ముందు లెక్క, తర్వాతే కత్తెర" అన్నది. ఆ తల్లి గౌను తీసుకొని ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

గుడ్డను బల్ల మీద పరచే కోయాలి, ఎత్తి పట్టుకొని కాదు. కత్తెర కింది మొన బల్లకు ఆనుకొనే సాగాలి. ఆ కత్తెరతో మా అమ్మ ఎన్నడూ మమ్మల్ని కాగితము కోయనివ్వలేదు. మీలో కొందరు రేపు రెడీమేడు దుస్తుల ఫ్యాక్టరీలకు వెళ్తారు. అక్కడ ఎన్నో పొరలు ఒక్కసారే కోస్తారు. పై పొర మీద గీత తప్పితే కింది పొరలన్నీ తప్పినట్టే.

ఇక గుర్తులు. 1863లో అమెరికాలో ఎబెనెజర్ బట్టరిక్ అనే దర్జీ కొలతల వారీగా కాగితపు నమూనాలు అమ్మడము మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో వాటి మీద అచ్చు మాటలు లేవు. చిన్న రంధ్రాలు, అంచున గాట్లు, అంతే. ఎన్నడూ చూడని ఇంట్లో ఒక స్త్రీ ఆ గుర్తులు చూసి బట్ట కుట్టుకొన్నది. గుర్తు అంటే మనము దగ్గర లేనప్పుడు మన తరఫున మాట్లాడేది.

కాబట్టి కాగితము తీసే ముందే గుర్తులన్నీ గుడ్డకు ఎక్కించండి. చంక దగ్గర ముందు భాగానికి ఒక గాటు, వీపు భాగానికి రెండు. టక్కులు, కాజాలు లోపలి వైపున సుద్దతో. పట్టు మీద సుద్ద కన్నా దారపు కుట్టు మేలు. ఏదైనా ముందు పీలిక మీద వేసి చూడండి, ఇస్త్రీ వేడికి కొన్ని మరకలు నిలిచిపోతాయి.

మరుసటి సంవత్సరము అమ్మ జ్వరముతో ఆసుపత్రిలో పడింది. ఇంట్లో మూడు జాకెట్లు కోసి మూటలు కట్టి ఉన్నవి. మా అక్కకు అప్పటికి అంచులు మడిచి కుట్టడము మాత్రమే వచ్చు. మూట విప్పితే ప్రతి ముక్క మీదా సుద్ద గుర్తులు, గాట్లు, పేరు రాసిన చీటి. గాటుకు గాటు కలిపి అక్క మూడూ కుట్టింది. ఆ కూలితోనే ఆ వారము మేము తిన్నాము.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన వస్త్రాలు పేతురుకు చూపించారని మనకు తెలుసు. ఆ వస్త్రాల మీద ఆమె పెట్టుకొన్న గుర్తులు ఎవరికీ కనిపించి ఉండవు. మంచి గుర్తు కుట్టులో కలిసిపోతుంది, బట్ట మాత్రము నిలుస్తుంది.

అక్కచెల్లెళ్ళారా, మీ చేతికొచ్చే గుడ్డ ఒకరి కష్టార్జితము. మీరు కోసినది రేపు మరొకరు కుట్టవలసి రావచ్చు. ఆ ఇద్దరినీ తలచుకొని కత్తెర పట్టండి. సెలవు.