తల దొరకని పెద్దాయన

హైదరాబాదులో నౌబత్ పహాడ్ ఎక్కేవాళ్లు చాలామంది నక్షత్రశాల చూసుకుని దిగిపోతారు. పక్కనే బిర్లా సైన్స్ మ్యూజియంలో 2000 సంవత్సరం నుంచి ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. పొడవు సుమారు 44 అడుగులు, వయసు 16 కోట్ల ఏళ్ల పైమాటే. ఆయనొక డైనోసార్, పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. నోరు తిరగకపోయినా ఇంటిపేరు మనదే: గోదావరి, ప్రాణహిత లోయలోని యామనపల్లి దగ్గర దొరికాడు గనక ఆ పేరు. 1988లో ఆ పేరు పెట్టింది భారత భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త పి.యాదగిరి.

మొన్న మా మనవరాలిని తీసుకెళ్లాను. కోటసారస్ తొడ ఎముక ఒక్కటే మా పిల్లంత పొడుగుంది. పిల్ల అటూ ఇటూ చూసి, "తాతయ్యా, ఇంత ఒంటికి తల ఇంతేనా?" అంది. మంచి ప్రశ్నే! నిజానికి ఆ తల దాని తలే కాదు. తవ్వకాల్లో పుర్రె దొరకలేదు, కొద్దిపాటి పళ్లు మాత్రం దొరికాయి. మనం చూసేది ఊహించి చేసిన తల. ఒళ్లు కూడా ఒక్కరిది కాదండోయ్. అక్కడ బయటపడ్డ ఎముకలు 840, కనీసం డజను జంతువులవి. ఏ వరదో మందను ముంచి, కళేబరాలను ఒకచోటికి కొట్టుకొచ్చి ఉంటుందని ఒక ఊహ. ఒకరి కాలు, ఒకరి వెన్ను కలిపి నిలబెట్టిన ఉమ్మడి అస్థిపంజరం అన్నమాట. అది తెలిశాక నాకు దాని మీద గౌరవం పెరిగిందే కానీ తగ్గలేదు.

ఇక ఆ ఎముకల కింది సంగతి. ఆ లోయలోనే, ఈ ఎముకలున్న పొరలకు చాలా కింద, బొగ్గు ఉంది. 1871లో భూవిజ్ఞాని డాక్టర్ విలియం కింగ్ దాన్ని ఇల్లెందు దగ్గర కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. నిజాం రైళ్ల ఇంజన్లు ఆ సింగరేణి బొగ్గుతోనే కూత పెట్టాయి. ఆ బొగ్గుగా మారిన అడవుల్లో నాలుకలాంటి ఆకుల గ్లాసోప్టెరిస్ చెట్లు విరివిగా ఉండేవి. కోటసారస్ ఆ నేల మీద నడిచేనాటికే ఆ అడవులు దాని కాళ్ల కింద రాయైపోయి ఉన్నాయి.

తిరిగొస్తుంటే ఒక స్టేషను ముందు నిలబెట్టిన పాత ఆవిరి ఇంజన్ కనిపించింది. మా పిల్ల దాని బొగ్గు పొయ్యిలోకి తొంగిచూసి, "ఇందులోనూ ఆకులేనా?" అంది. ఆకులేనమ్మా, అన్నాను.