వజ్రం బరువూ, వజ్రం విలువా



బంగారం కొనడం మన ఆడవాళ్ళకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ఈవేళ గ్రాము ధర ఎంత ఉందో, తరుగు ఎంత వేస్తారో, మజూరీ ఎంత పడుతుందో, పాత గాజులు మారిస్తే ఎంత చేతికొస్తుందో వేళ్ళమీద లెక్క కట్టి చెప్పేస్తాం. రవ్వల నగ దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనకు నోరు పెగలదు. కొట్టులో చీటీమీద వేసిన అంకె చూసి "కాస్త తగ్గించండి" అనడమే మన బేరం. ఆ అంకె ఎలా వచ్చిందో అడగాలంటే లెక్క తెలియాలి కదా! అందుకని ఇవాళ ఆ లెక్కలో మొదటి మెట్టు, అంటే కేరట్టు బరువు గురించి చెప్పుకుందాం.

ముందుగా ఒక తికమక తీర్చుకోవాలి. బంగారం కేరట్టు వేరు, వజ్రం కేరట్టు వేరు. బంగారానికి కేరట్టు అంటే మేలిమి. 24 కేరట్లంటే స్వచ్ఛమైన బంగారం, 22 కేరట్లంటే నగలకు వాడేది. వజ్రానికి కేరట్టు అంటే ఒట్టి బరువు, అంతే. ఒక కేరట్టు గ్రాములో అయిదో వంతు, అంటే 200 మిల్లీగ్రాములు. ఈ కొలతను 1907లో పారిస్‌లో జరిగిన తూనికలు, కొలతల మహాసభ ఖాయం చేసింది. కేరట్టును మళ్ళీ నూరు భాగాలు చేస్తారు. వాటినే మన షరాబులు సెంట్లు అంటారు. "పాతిక సెంట్ల రాయి" అంటే పావు కేరట్టు, "యాభై సెంట్లు" అంటే అర కేరట్టు అన్నమాట.

సరే, బంగారం రెండు గ్రాములు కొంటే ఒక గ్రాముకు రెట్టింపు ధర ఇస్తాం. వజ్రానికీ అంతేనా? కాదు. అక్కడే ఉంది అసలు కిటుకు. భూమిలో చిన్న రాళ్ళు ఎక్కువగానూ, పెద్ద రాళ్ళు అరుదుగానూ దొరుకుతాయి. పైగా ముడి రాయిని సానబట్టేటప్పుడు చాలా వాటిలో సగానికి సగం బరువు పొడిగానే పోతుంది. అందుచేత రాయి పెద్దదయ్యేకొద్దీ దాని ధరే కాదు, కేరట్టు రేటు కూడా పెరిగిపోతుంది.

ఈ సంగతి నిన్నా మొన్నా పుట్టింది కాదు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు వెలుగుతున్న రోజుల్లో ఫ్రాన్సు దేశపు రత్నాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ సీమకు వచ్చి వ్యాపారం చేశాడు. 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ఆయన ఒక సూత్రం రాశాడు. రాయి బరువును అదే బరువుతో గుణించి, వచ్చిన దాన్ని ఒక కేరట్టు రాయి ధరతో గుణించాలిట. అంటే బరువు రెట్టింపయితే ధర నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు! ఈనాటి వర్తకులు ఈ సూత్రాన్ని అచ్చంగా పాటించరు కానీ, దాని వెనుక ఉన్న భావం మాత్రం చెక్కు చెదరలేదు.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఈ అంకెలు ఇవాళ్టి ధరలు కావు సుమండీ, లెక్క తెలియడానికి పెట్టుకున్నవి. ఒకే రంగు, ఒకే స్వచ్ఛత గల రాళ్ళు అనుకోండి. పది సెంట్ల రాళ్ళకు కేరట్టు రేటు 40 వేలు, అర కేరట్టు రాయికి కేరట్టు రేటు లక్షన్నర, కేరట్టు రాయికి 3 లక్షలు అనుకుందాం. అప్పుడు పది సెంట్ల రాళ్ళు పది కలిపితే కేరట్టు బరువవుతుంది, ధర 40 వేలు. అర కేరట్టు రాళ్ళు రెండు కలిపినా కేరట్టే, ధర లక్షన్నర. ఒక్కటే రాయి కేరట్టు ఉంటే 3 లక్షలు. మూడింటికీ త్రాసులో బరువు ఒక్కటే. విలువలో ఎంత తేడా!

ఈ లెక్క తెలియకపోవడం వల్ల ఇళ్ళలో మనస్పర్థలు కూడా వస్తాయి. ఒక తల్లికి ఇద్దరు కూతుళ్ళు అనుకోండి. ఆవిడకు ఏడు రాళ్ళ దుద్దుల జత ఒకటి, ఒంటిరాయి ఉంగరం ఒకటి ఉన్నాయి. దుద్దుల్లో మొత్తం పద్నాలుగు రాళ్ళు, ఒక్కొక్కటి పది సెంట్లు, వెరసి 1.40 కేరట్లు. ఉంగరంలో రాయి 70 సెంట్లు. "పెద్దదానికి రెట్టింపు బరువున్న దుద్దులు ఇచ్చాను, చిన్నదానికి ఉంగరమే కదా, దానికి ఇంకో గొలుసు కలిపి ఇస్తాను" అంటుంది ఆ తల్లి, పాపం, న్యాయం చేస్తున్నాననుకుని. మన లెక్క ప్రకారం దుద్దుల్లో రాళ్ళ విలువ 56 వేలు. 70 సెంట్ల రాయికి కేరట్టు రేటు రెండు లక్షలు వేసుకున్నా ఉంగరంలో రాయి లక్షా నలభై వేలు! బరువులో సగం ఉన్నదే విలువలో రెండున్నర రెట్లు. పైగా గొలుసు కూడా చిన్నదానికే పోయింది. కొన్నేళ్ళు పోయాక ఈ సంగతి బయటపడితే అక్కచెల్లెళ్ళ మధ్య మాటా మాటా వస్తుందంటే రాదూ? అందుకని రవ్వల నగలు పంచేటప్పుడు బరువు చూసి కాక, తెలిసినవారి చేత రాయి రాయికీ విలువ కట్టించి పంచడం మంచిది.

కొట్టుకు వెళ్ళినప్పుడు కూడా ఇదే జాగ్రత్త. "అమ్మా, ఇది కేరట్టు కమ్మల జత" అంటారు. ఒంటిరాళ్ళవయితే రాయి ఒక్కింటికి అర కేరట్టు. ఏడు రాళ్ళవయితే రాయి ఒక్కింటికి ఏడు సెంట్ల పైచిలుకు. మాట ఒకటే, సరుకు వేరు. కాబట్టి మొత్తం బరువు ఎంత అని అడిగి ఊరుకోకండి. రాళ్ళు ఎన్ని, ఒక్కొక్కటి ఎన్ని సెంట్లు, ఆ సైజుకు కేరట్టు రేటు ఎంత అని మూడు ప్రశ్నలూ అడగండి.

ఇక ధరలో మెట్లు ఉంటాయన్న సంగతి చూద్దాం. వర్తకులు చూసుకునే అంతర్జాతీయ ధరల పట్టీలో రాళ్ళను బరువునుబట్టి వరుసలుగా విడదీస్తారు. 50 నుంచి 69 సెంట్ల దాకా ఒక వరుస, 70 నుంచి 89 దాకా ఒకటి, 90 నుంచి 99 దాకా ఒకటి, కేరట్టు నుంచి 1.49 దాకా ఇంకొకటి, ఇలాగ. ఒక వరుస దాటి పై వరుసలో అడుగు పెట్టగానే కేరట్టు రేటు ఒక్కసారి ఎగురుతుంది. మన లెక్కలోనే, 95 సెంట్ల రాయికి రేటు రెండున్నర లక్షలనుకుంటే దాని ధర 2,37,500. కేరట్టు రాయి 3 లక్షలు. అయిదు సెంట్ల తేడాకు 62,500 రూపాయలు! మరి వేలికి పెట్టుకుంటే ఎంత పెద్దగా కనిపిస్తుందంటారా? చక్కగా సానబట్టిన గుండ్రని కేరట్టు రాయి అడ్డం కొలత సుమారు ఆరున్నర మిల్లీమీటర్లు. 95 సెంట్ల రాయి దానికంటే మిల్లీమీటరులో పదో వంతు చిన్నది. పక్కింటి పిన్నిగారు కాదు కదా, షరాబు కూడా కొలిస్తేగాని చెప్పలేడు. అంతెందుకు, అర కేరట్టు రాయే అయిదు మిల్లీమీటర్ల పైన ఉంటుంది. బరువు రెట్టింపయినా వెడల్పు పెరిగేది నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. కనుక పెట్టుకోవడానికి కొనుక్కునేవారు నిండు అంకెకు కొద్దిగా తక్కువ ఉన్న రాయి, అంటే 45 సెంట్లో, 90, 95 సెంట్లో ఉన్నది దొరికితే తీసుకోవచ్చు. అందం తగ్గదు, డబ్బు మిగులుతుంది. కానీ మళ్ళీ అమ్మేటప్పుడు కూడా అది కింది వరుస ధరకే పోతుందని గుర్తుంచుకోవాలి.

ఈ నిండు అంకెమీద మోజుతో ఇంకొక మోసం కూడా జరుగుతుంది. సరిగ్గా సానబడితే 90 సెంట్లకు దిగిపోయే రాయిని, బరువు పోనివ్వకుండా నడుము మందంగానూ, కింది భాగం లోతుగానూ ఉంచి కేరట్టు అనిపిస్తారు. బరువంతా పొట్టలో దాగి ఉంటుంది, పైకి కనిపించదు. పైగా అలాంటి రాయిలో పడిన వెలుగు మన కంటికి తిరిగి రాకుండా కిందినుంచే జారిపోతుంది. రాయి మధ్యలో మసకగా, నల్లగా ఉంటుంది. వజ్రానికి వెలుగే కదమ్మా ప్రాణం! కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూరు సంగతే చూడండి. 186 కేరట్లున్న ఆ రాయికి మెరుపు చాలలేదని 1852లో లండన్‌లో మళ్ళీ సానబట్టించారు. బరువు 105 కేరట్ల చిల్లరకు దిగిపోయింది. మెరుపు కోసం అంత బరువు వదులుకున్నారన్నమాట.

ఇక సర్టిఫికెట్టు. 1931లో స్థాపించిన జెమొలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా వంటి సంస్థలు రాయిని పరీక్షించి పత్రం ఇస్తాయి. అందులో బరువు, రంగు, స్వచ్ఛత, గుండ్రని రాయికయితే సాన తీరు కూడా ఉంటాయి. రంగును ఇంగ్లీషు అక్షరాలతో చెబుతారు. డి అంటే ఏ రంగూ లేనిది, అక్కణ్ణుంచి జెడ్ వైపు పోయేకొద్దీ పసుపు ఛాయ ఎక్కువవుతుంది. స్వచ్ఛతలో వి.వి.యస్., వి.యస్., యస్.ఐ., ఐ అని మెట్లు. మన పెద్దవాళ్ళు కాకిపాదం, చుక్క, గీత అని వెతికిన దోషాలే ఇవి. ఇప్పుడు పదింతలు పెద్దగా చూపించే భూతద్దంలో చూసి వర్గం నిర్ణయిస్తున్నారు.

బరువు విషయంలో ఈ సంస్థలు ఎంత నిక్కచ్చిగా ఉంటాయో చూడండి. ఆ అమెరికా సంస్థవారు కేరట్టును అయిదు దశాంశాల దాకా తూచి, పత్రంలో రెండు దశాంశాలు వేస్తారు. మూడో స్థానంలో 9 ఉంటే తప్ప పైకి సవరించరు. 0.998 తూగిన రాయిని 0.99 అనే రాస్తారు, 0.999 తూగితేనే కేరట్టు అంటారు. విడి రాయిని తూచి ఇచ్చే పత్రం ఇలా ఉంటుంది. నగలో పొదిగిన తరువాత పరీక్ష చేస్తే రాయిని ఊడదీసి తూచడం కుదరదు కనుక, కొలతలనుబట్టి అంచనా బరువు వేస్తారు. మీ చేతిలో ఉన్నది ఏ రకం పత్రమో చదివి చూసుకోండి.

పత్రం గురించి మూడు మాటలు మరిచిపోవద్దు. ఒకటి, దానిలో ధర ఉండదు. రాయి ఎలాంటిదో చెబుతుందే గాని ఎంతకు కొనమని చెప్పదు. రెండు, పత్రం ఈ రాయిదేనా అని చూసుకోవాలి. చాలా రాళ్ళకు నడుము అంచుమీద పత్రం నంబరు లేజరుతో చెక్కి ఉంటుంది. భూతద్దం అడిగి చూడండి. మొహమాటం అక్కరలేదు. మూడు, బంగారంమీది హాల్‌మార్కు బంగారానికే. అది రాయి గురించి ఏమీ చెప్పదు.

ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు కూడా ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. అవి గాజు ముక్కలు కావు, నిజంగా వజ్రాలే. కానీ పెద్ద రాయి భూమిలో దొరకడం అరుదన్న కారణం వాటికి వర్తించదు. యంత్రంలో ఎన్నయినా పెంచవచ్చు. అందువల్ల బరువుతోపాటు వాటి రేటు సహజమైన వాటిలాగ ఎగబాకదు. గడిచిన కొన్నేళ్ళలో వాటి ధరలు బాగా పడిపోయాయి కూడా. సరదాకు పెట్టుకునేవారు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. సహజమైన రాయి ధర ఇచ్చి మాత్రం కొనకూడదు. పత్రంలో ఏ రకమో స్పష్టంగా రాసి ఉండాలి, బిల్లులోనూ రాయించుకోవాలి.

చివరగా ఒక చిన్న లెక్క. నగ మొత్తం తూచి, ఆ తూకానికంతా బంగారం ధర కడితే మనం రాయికి రెండుసార్లు డబ్బు ఇచ్చినట్టు. కేరట్టుకు 0.2 గ్రాముల చొప్పున రాళ్ళ బరువు తీసివేసి, మిగిలిన దానికే బంగారం ధర కట్టించండి. రెండు కేరట్ల రాళ్ళుంటే 0.4 గ్రాములు తగ్గాలి. బిల్లులో బంగారం నికర బరువు, రాళ్ళ సంఖ్య, సెంట్లు, రంగు, స్వచ్ఛత, పత్రం నంబరు అన్నీ విడివిడిగా ఉండాలి. తిరిగి ఇస్తే ఎంత శాతం ఇస్తారో, డబ్బే ఇస్తారో, మరో నగే తీసుకోమంటారో అది కూడా కాగితంమీద ఉండాలి. బంగారానికున్నట్టు రవ్వకు ఊరంతా ఒకే రోజువారీ ధర ఉండదు. నోటిమాట మీద కొన్న రాయి అవసరానికి అక్కరకు రాకపోవచ్చు.

బిల్లూ, సర్టిఫికెట్టూ నగతో పాటు ఒకే పెట్టెలో కాకుండా, నకలు ఒకటి వేరేచోట దాచండి. ఆడపిల్లకు నగ ఇచ్చిన రోజునే ఆ కాగితాలు కూడా దాని చేతికి ఇచ్చి, ఎలా చదవాలో ఒకసారి చెప్పండి. నగ ఎంత విలువైనదో, దాని లెక్క తెలియడం కూడా అంత విలువైనదే.