వచ్చిపోయే దోషం

బోదకాలు వ్యాధికి రక్తపరీక్ష రాత్రివేళ చేయడం మన కోస్తా జిల్లాలవారికి తెలిసిన సంగతే. ఆ క్రిములు పగలు మరుగున ఉండి, రాత్రి పొద్దుపోయిన తరువాత రక్తంలో సంచరిస్తాయి. పగలు తీసిన రక్తబిందువులో ఏమీ కనిపించనంత మాత్రాన రోగం లేదని కాదు. చూడవలసిన వేళ చూడలేదని అర్థం. మోటారు బండ్ల ఇంజనులలో తీగలకు సంబంధించిన కొన్ని లోపాలు సరిగా ఇటువంటివే. దారిలో కనిపిస్తాయి; కార్ఖానాలో మాయమవుతాయి.

2022 మే మాసంలో ఒక మధ్యాహ్నం మా అమ్మగారితో విజయవాడ నుంచి ఏలూరుకు కారులో పోతున్నాను. హనుమాన్ జంక్షన్ దాటిన తరువాత ఇంజను చప్పున ఆగిపోయినది. స్టీరింగు బరువెక్కినది, బ్రేకు బిగిసినది. వెనుక వస్తున్న లారీ కీచుమంటూ పక్కకు తప్పుకొన్నది. డ్రైవరు కన్ను ఏమరుపాటున ఉంటే ఈ ప్రసంగం మీకు వినిపించడానికి నేను ఉండేవాడిని కాను. అరగంట తరువాత తాళం తిప్పితే ఇంజను ఏమీ ఎరగనట్లు నడిచినది.

మొదట ఒక కార్ఖానాలో స్కానరు తగిలించి చూశారు. పి 0335 అనే సంకేతం వచ్చినది. క్రాంకు షాఫ్టు తిరుగుడును కనిపెట్టే సెన్సారు వలయంలో లోపమున్నదని దాని భావం. సెన్సారు మార్చారు, సంకేతాన్ని చెరిపివేశారు. వారం రోజులు బాగున్నది, మళ్ళీ ఆగినది. రెండవచోట పెట్రోలు పంపు మార్చారు. ఫలితం లేదు. మూడవచోట ఇ.సి.యు.నే మార్చాలన్నారు. దాని ఖరీదు నా రెండు నెలల జీతం.

ఈ ఇ.సి.యు. ఒక చిన్న కంప్యూటరు. ఇంధనం ఎంత అందించాలో, నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టించాలో నిర్ణయించేది అదే. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో బాష్ సంస్థవారి ఎలక్ట్రానిక్ ఇంధన విధానం వచ్చినది మొదలు ఈ పద్ధతి క్రమంగా వ్యాపించినది. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నియమాలు మన దేశమంతటా అమలైన తరువాత మోటారు సైకిళ్ళు సైతం చాలావరకు ఈ దారికే వచ్చినవి. సెన్సార్లు ఈ యంత్రానికి ఇంద్రియాలు, తీగలు నాడులు. నాడి తెగితే కన్ను బాగున్నా చూపు ఉండదు. స్కానరు చెప్పేది లోపమున్న వలయం పేరు. ఆ వలయంలో సెన్సారు ఉన్నది, తీగ ఉన్నది, అతుకు ఉన్నది, ఎర్తు ఉన్నది. వీటిలో దేనిది తప్పో తేల్చవలసినవాడు మనిషి.

చివరకు ఆటోనగర్‌లో ఒక వృద్ధ ఎలక్ట్రీషియన్ వద్దకు పోయినాను. ఆయన వెంటనే బానెట్ ఎత్తలేదు. నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. "ఎండవేళా బాబుగారూ, వానలోనా? ఎంతదూరం నడిచాక? గతుకులోనా, సాఫు రోడ్డు మీదా? ఆగేటప్పుడు ఇంజను చుట్లు చూపే ముల్లు ఏమైంది?" బండి ఇంకా గేరులో దొర్లుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడినదని చెప్పాను. "అయితే ఇది పెట్రోలు తగాదా కాదండీ. సంకేతమే తెగుతోంది" అన్నారు.

ఇంజను నడిపిస్తూ తీగలకట్టను జానెడు జానెడు చొప్పున మెల్లగా కదిపి చూశారు. ఏమీ కాలేదు. తరువాత జుట్టు ఆరబెట్టుకొనే యంత్రంతో సెన్సారు వైపు వేడిగాలి కొట్టి, తిరిగి కదిపారు. ఇంజను ఠక్కున ఆగినది. ఆయన ముఖాన చిరునవ్వు! ఒక ఇనుప బిగింపు అంచుకు ఒరుసుకొని తీగ తొడుగు అరిగి ఉన్నది. లోపలి రాగి పోగులన్నీ తెగి, కొనలు మాత్రం ఒకదానినొకటి తాకుతున్నవి. వేడికి తొడుగు సాగితే కొనలు విడిపోతాయి, చల్లారితే కలుసుకొంటాయి. సెన్సారు మార్చినప్పుడు కదలిక వలన కొనలు సర్దుకొన్నవి గనుకనే ఆ వారం రోజుల సుఖం! జానెడు కొత్త తీగతో వ్యాధి కుదిరినది. మా స్టూడియోలో మైకు గరగరలాడితే ఇంజనీర్లు ముందు తీగ కదిపి చూడడం ఇరవై ఏళ్ళుగా చూస్తున్న నాకు ఇది తోచకపోవడం సిగ్గుచేటు.

ఆయన చెప్పిన మాటలు కొన్ని మనవి చేస్తాను. మీటరుతో తీగ నిరోధాన్ని కొలిస్తే, నూరు పోగులలో ఒక్కటి మిగిలినా బాగున్నట్లే చూపుతుంది. మీటరు పంపే విద్యుత్తు అతి స్వల్పం. బరువు మోయించి చూడాలి. ముఖ్యంగా విద్యుత్తు అందించే తీగలనూ ఎర్తు తీగలనూ రెండు కొనలా విప్పి, బ్యాటరీ నుంచి 21 వాట్ల బల్బు వెలిగించి చూస్తే నిజం బయటపడుతుంది. ఇంజను ఎర్తునైతే, హెడ్‌లైట్లు, ఫ్యాను పనిచేస్తుండగా ఇంజను లోహానికీ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య కొలవాలి. 0.2 వోల్టు మించితే ఎర్తును అనుమానించాలి. తీగ తొడుగును సూదితో పొడిస్తే ఆ రంధ్రాన నీరు దిగి రాగి పచ్చబారుతుంది. అతుకులోనికి లావుపాటి మొన దూర్చితే లోపలి పట్టు వదులై కొత్త రోగం పుడుతుంది. పసుపుపచ్చ తొడుగున్న ఎయిర్‌బ్యాగు తీగల జోలికి తెలియనివారు పోనే కూడదు.

గృహస్థులు చేయదగినవీ ఉన్నవి. ఇంజనును నీటి పంపుతో జోరుగా కడిగించరాదు. అదనపు హారనుకూ దీపాలకూ దొరికిన తీగ కోసి అతికించనీయరాదు. ఎలుకలు కొరికిన జాడ అప్పుడప్పుడు చూస్తుండాలి. నడిరోడ్డున ఇంజను ఆగితే, బండి పూర్తిగా నిలిచేవరకు తాళం తీయరాదు. తీస్తే స్టీరింగు బిగుసుకొనవచ్చును. బ్రేకును మాటిమాటికీ తొక్కక, ఒక్కసారిగా గట్టిగా అదిమిపట్టి, ప్రమాద సూచక దీపాలు వెలిగించి, ఎడమకు చేరాలి. ఆ తరువాత ఒక చిన్న పుస్తకంలో తేదీ, వేళ, నడిచిన దూరం, ఎండో వానో, ఏ దీపం వెలిగినదో వ్రాసుకోవాలి. ఆ పుస్తకమే సగం చికిత్స.

ఇకమీదట ఎవరైనా "ఈ భాగం మార్చాలి" అంటే ఒక్క ప్రశ్న అడగండి: "లోపం మీ కళ్ళయెదుట కనిపించినదా?" కనిపించలేదంటే డబ్బు తీయవద్దు, మరొక పూట ఆగండి. ఆ లోపం ఏ వేళ బయటికి వస్తుందో, ఆ వేళకే దానిని చూడాలి.