కల్లులో కలిపే మత్తుమందు గుండెను ఏం చేస్తది?
(మండల సమాఖ్య మహాజన సభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు మాట్లాడిన మాటలు)

పొదుపు లెక్కలు ఇంతకుముందే చదివిన్రు. నేను కల్లు గురించి మాట్లాడుత. నవ్వకున్రి.

చెట్టు మీదికెల్లి దించిన కల్లును నేను ఏమీ అంటలేను. గీత కార్మికుల పొట్ట కొట్టే మాట కాదు ఇది. కొన్ని దుకాణాల్లో కల్లు పేరుతో అమ్మే దానిలో మత్తుమందు కలుపుతున్నరు. క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం అని వాటి పేర్లు. అల్ప్రాజోలం డాక్టరు రాస్తే గోలీలో పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉంటది. సీసాలో ఎంత పడ్డదో కలిపినోనికే తెల్వదు.

ఈ మందు మెదడును, నరాలను నెమ్మది చేస్తది. బీపీ దిగుతది. కూసున్న మనిషి లేవంగనే కళ్లు తిరిగి పడేది అందుకే. బీపీ గోలీలు మింగేటోళ్లకు ఇంకా దిగొచ్చు. ఎక్కువైతే, దాని మీద గుడుంబా కూడా తాగితే, ఊపిరి మందగిస్తది. రక్తంలో ఆక్సిజన్ తగ్గి గుండె మీద భారం పడ్తది. క్లోరల్ హైడ్రేట్ ఎక్కువైతే గుండె కొట్టుకునే వరుసే తప్పుతది, ప్రాణం పోవచ్చు.

తాగితేనే ప్రమాదం అనుకునేదాన్ని. మా అత్తమ్మ నాటుకు పోయొచ్చి రోజూ రెండు సీసాలు తాగేది. ఒకసారి దుకాణం మూసిన్రు. మూడో రోజుకు చేతులు వణుకుడు, చెమటలు, గుండె దడదడ, ఎవరో పిలుస్తున్నరని తలుపు తీసుడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించినం. రాత్రి ఫిట్స్ వచ్చినయి, 108కు ఫోన్ చేసినం. బీపీ బాగా పెరిగింది. డాక్టరమ్మ "కల్లు తాగుతదా?" అని అడిగితే సిగ్గుకు లేదన్న. రెండోసారి గట్టిగా అడిగితే చెప్పిన.

అప్పుడు సమజ్ చేసింది. ఇన్నేండ్లు మందు అణచిపెట్టిన నరాలు, అది అందకపోయేసరికి ఒక్కసారిగ ఎగిసినయట. గుండె ఉరికేది, బీపీ పెరిగేది దానికే. అందుకే అలవాటైన మనిషిని ఇంట్ల పెట్టి తాళమేసి మాన్పియ్యొద్దు. డాక్టరు మందు ఇచ్చి మెల్లమెల్లగ తగ్గిస్తరు. అత్తమ్మకు మూడు నెలలు పట్టింది. మధ్యల ఒకసారి మళ్ల తాగింది కూడా, దాచుడెందుకు.

తాగి పడుకున్న మనిషి లేపినా లేవకపోతే, గురక ఆగి ఆగి వస్తే, పొద్దున్నకు దిగుతదని వదిలెయ్యకున్రి. పక్కకు ఒత్తిగిలించి 108కు చెయ్యున్రి. తాగిన సంగతి దాచకున్రి.

మీ ఇంట్ల ఎవరన్న ఉంటే నలుగురిలో చెప్పనక్కర్లేదు, భోజనాలప్పుడు నా పక్కన కూసోండి. సోమవారం ఆశ కార్యకర్తతోటి కలిసి పీహెచ్‌సీకి పోదాం.