బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ ఎవరికి?

1945లో మొదలైన బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి ఏటా బీఎస్సీ పట్టాతో బయటికొచ్చే పిల్లలను ఒక ప్రశ్న వేధిస్తుంది: ఉద్యోగమా, ఎమ్మెస్సీయా? వ్యవసాయాధికారి కొలువుకు బీఎస్సీ చాలు. అదే లక్ష్యమైతే పై చదువుకు రెండేళ్లు పెట్టనక్కర్లేదు. ఉద్యోగం రాలేదని ఎమ్మెస్సీలో చేరడం మరీ చేటు. కానీ జవాబు దొరకని సమస్య ఒకటి మనసును తొలుస్తుంటే లెక్క మారుతుంది. 2021లో గుంటూరు, ప్రకాశం మిరప తోటల్లో ఏం జరిగిందో చూడండి. పాత తామర పురుగు ఆకుల మీద పడి పైముడత తెచ్చేది. కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు ఏకంగా పూలలోనే దూరింది. పూత రాలింది, కాయ నిలవలేదు, మందు మీద మందు కొట్టినా లొంగలేదు. అలాంటి చిక్కు తేలాలంటే పువ్వు పువ్వూ విప్పి పురుగుల్ని లెక్కపెట్టి, ఆ అంకెలకు అర్థం చెప్పగలవాళ్లు కావాలి. ఆ శిక్షణ పై చదువులోనే దొరుకుతుంది.

అప్పుల్లో ఉన్న రైతు ఇంటికి రెండేళ్ల జీతం పోవడం చిన్న విషయమా అంటారు. కాదు, చాలా పెద్దదే. అందుకే భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పీజీ ప్రవేశ పరీక్షకు డిగ్రీలో ఉండగానే సిద్ధం కావాలి. మంచి ర్యాంకుతో స్కాలర్‌షిప్ దక్కితే ఆ బరువు కొంత తగ్గుతుంది. చేరాక నెగ్గుకు రావడం అదను మీద ఆధారపడి ఉంటుంది. గుంటూరు వైపు మిరప నారు ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటుతారు. మిరప మీద పనిచేసేవాళ్లకు ఆ అదను తప్పితే థీసిస్ ఏడాది వెనక్కి పోతుంది. కాబట్టి గైడునూ, సమస్యనూ ముందే ఖాయం చేసుకోండి. ఆయన దగ్గర చదివిన పాత విద్యార్థుల్ని కలిసి, థీసిస్ ఎన్నాళ్లకు పూర్తయిందో తప్పకుండా అడగండి.