లెక్క అడిగే చోటు ఏది? గోవింద్‌పూర్ నుంచి ఒక ప్రశ్న



మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. మీ వార్డు కార్పొరేటరో కౌన్సిలరో ఈ నెలలో కాలనీ వాట్సాప్ గ్రూపులో ఏం పెట్టారో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కొబ్బరికాయ కొడుతున్న ఫొటో ఒకటి, కొత్త సీసీ రోడ్డు ఫొటో ఒకటి, కూడలిలో బిగించిన సీసీ కెమెరా ఫొటో ఒకటి ఉంటాయి. కింద దండాలు పెట్టే బొమ్మలు వరసగా వస్తాయి. ఎవరో ఒకరు "అన్నా, మా సందులో లైటు వెలిగి మూడు నెలలైంది" అని రాస్తారు. కాసేపటికి గ్రూపులో అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయలేని సెట్టింగు పడిపోతుంది.

దీన్నే మనం ప్రజలకు జవాబుదారీ అనుకుంటున్నాం. చేసిన పని చెప్పడం మంచిదే. కానీ చెప్పడం ఒకటి, లెక్క ఒప్పజెప్పడం మరొకటి. లెక్క ఒప్పజెప్పాలంటే ఎదురుగా అడిగేవాళ్లు ఉండాలి, వాళ్లు కూర్చోవడానికి ఒక చోటు ఉండాలి, ఆ చోటుకు చట్టం ఇచ్చిన బలం ఉండాలి. ఈ మూడూ లేకపోతే ఏమవుతుందో చూపించే ఊరు ఒకటుంది. దాని గురించే ఈ రోజు మాట్లాడతాను.

ఆ ఊరు గోవింద్‌పూర్. జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో, జంషెడ్‌పూర్‌ను ఆనుకుని ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలకు జంషెడ్‌పూర్ కొత్త పేరేం కాదు. "టాటా వెళ్లాడు" అంటే పనికి వెళ్లాడని అర్థం. టెల్కో కాలనీ వైపు నుంచి బయటికొస్తే ఛోటా గోవింద్‌పూర్, బడా గోవింద్‌పూర్ వస్తాయి. జనగణన పుస్తకంలో ఇది పట్టణం. పాలనలో మాత్రం గ్రామం. ఇక్కడ కార్పొరేటర్ లేడు. మన సర్పంచ్‌కు సమానమైన ముఖియా ఉంటాడు, వార్డు సభ్యులు ఉంటారు, పైన పంచాయతీ సమితి, జిల్లా పరిషత్ ఉంటాయి. ఆ పంచాయతీ ఎన్నికలు కూడా 1978 తర్వాత మళ్లీ జరిగింది 2010లో. అంటే 32 ఏళ్లు ఆ ప్రాంతంలో లెక్క చెప్పాల్సిన స్థానిక ప్రతినిధే లేడు. ఒక తరం మొత్తం బ్లాకు ఆఫీసు వరండాల్లో నిలబడి పెద్దదైంది.

ఇప్పుడు పక్కనున్న నగరం సంగతి చూద్దాం. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చీ అనే పల్లె దగ్గర కర్మాగారం వచ్చింది. 1919లో ఊరి పేరు జంషెడ్‌పూర్ అయింది. 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ పెట్టారు. రోడ్లు, నీళ్లు, కరెంటు, చెత్త అన్నీ చాలావరకు కంపెనీ చూసుకుంటుంది, ఒకప్పుడు సొంత విభాగంతో, 2004 నుంచి అనుబంధ సంస్థతో. వందేళ్లు దాటినా కంపెనీ నగరానికి ఎన్నికైన నగరపాలక మండలి లేదు. ఇది సరికాదని 1988లోనే ఒక సామాజిక కార్యకర్త సుప్రీంకోర్టుకు వెళ్లారు. చివరికి 2023 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా నోటిఫై చేసింది. దానికి ఆధారం రాజ్యాంగం 243క్యూ అధికరణలోని ఒక మినహాయింపు. ఏదైనా పరిశ్రమ పురపాలక సేవలు అందిస్తున్న చోట మున్సిపాలిటీ పెట్టకపోయినా పర్వాలేదని ఆ మినహాయింపు చెబుతుంది. ఆ నోటిఫికేషన్ కూడా సుప్రీంకోర్టు మెట్లెక్కింది.

పక్కపక్కన పెట్టి చూడండి. ఒకవైపు నల్లా తిప్పితే నీళ్లొస్తాయి, స్థానిక ఓటు మాత్రం లేదు. ఇంకోవైపు స్థానిక ఓటు ఉంది, నీళ్ల కోసం బోరింగు దగ్గర బిందె పట్టుకుని నిలబడాలి. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు. దానికి అటువైపు మనిషి వినియోగదారుడు, ఇటువైపు మనిషి లబ్ధిదారుడు. పౌరుడు ఎక్కడున్నాడు?

"ఓటు తాగితే దాహం తీరుతుందా? కంపెనీ బాగానే చూసుకుంటోంది కదా" అని అడిగేవాళ్లున్నారు. కార్పొరేషన్ వస్తే పన్నులు పెరుగుతాయి, పని తగ్గుతుంది అని జంషెడ్‌పూర్‌లోనే చాలామంది భయపడతారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన పురపాలక సంఘాలు చేసిన నిర్వాకం చూసినవాళ్లకు ఆ భయం సహజమే. పల్లెలో వెట్టి చేసిన తాత ఉక్కు ఫ్యాక్టరీలో జీతం తీసుకున్నాడంటే, క్వార్టరులో కరెంటు దీపం కింద పిల్లల్ని చదివించాడంటే, అది మన కుటుంబాల చరిత్రలో చిన్న విషయం కాదు.

కానీ రాజ్యాంగం వైపు నుంచి ఒక్క సంగతి చూడండి. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ మున్సిపాలిటీల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా నిష్పత్తిలో సీట్లు కేటాయించాలని, మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా మహిళలకు ఇవ్వాలని 243టీలో రాసింది. మున్సిపాలిటీయే లేకపోతే ఆ సీట్లూ లేవు. రిజర్వేషన్‌ను ఎవరూ రద్దు చేయలేదు. కుర్చీ ఉండాల్సిన గదినే కట్టలేదు. ఎన్నిక కాని కమిటీలో మన బస్తీ నుంచి ఒక మనిషి కూర్చోవాలంటే ఎవరో దయతలచి పిలవాలి. దయతో వచ్చినవాడు "మా వీధికి మురుగుకాలువ ఏది" అని గట్టిగా అడగలేడు. ఓటుతో వచ్చినవాడు అడుగుతాడని హామీ లేదు, నిజమే. కానీ అడగనివాణ్ని ఐదేళ్లకోసారైనా దించే హక్కు మనకు ఉంటుంది.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. తూర్పు సింగ్‌భూమ్ ఐదో షెడ్యూలు ప్రాంతం. 243జెడ్‌సీ ప్రకారం పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. దాని కోసం 2001లో ఒక బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అందుకే "మున్సిపాలిటీ కావాలి" అనే మాటకు అక్కడి ఆదివాసీలు "ఏ మున్సిపాలిటీ? మా భూమికి ఏ రక్షణతో?" అని తిరిగి అడుగుతారు. దళితుల ప్రాతినిధ్యం గురించి మాట్లాడుతూ ఆదివాసీల ఈ ప్రశ్నను మనం దాటేస్తే, మనమూ ఇంకొకరి నేల మీద కొబ్బరికాయ కొట్టినవాళ్లమే అవుతాం.

ఈ మాట ఊరికే అనడం లేదు. మళ్లీ గోవింద్‌పూర్‌కు వస్తాను.

ప్రపంచ బ్యాంకు 2013 డిసెంబర్‌లో అస్సాం, బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల గ్రామీణ తాగునీటి కోసం 50 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. అందులో భాగంగా జంషెడ్‌పూర్ చుట్టూ రెండు పెద్ద పథకాలు వచ్చాయి. ఒకటి బాగ్‌బేడా, రెండోది ఛోటా గోవింద్‌పూర్. పైపు నీళ్లు వద్దని ఎవరంటారు? ఏ ప్రతినిధి అయినా గర్వంగా ఫొటో పెట్టుకునే పని అది. అయినా 2018లో ఈ రెండు పథకాల మీదా ఆదివాసీ బస్తీల వాళ్లు బ్యాంకు తనిఖీ మండలికి ఫిర్యాదు చేశారు. బాగ్‌బేడా పథకంలో శుద్ధి కేంద్రం కట్టింది గిద్దీ ఝోప్డీ దగ్గరి గుట్ట మీద. అక్కడివాళ్లకు అది పశువులు మేపుకునే చోటు, పండుగ చేసుకునే చోటు, చనిపోయినవాళ్లను పూడ్చే చోటు. ఛోటా గోవింద్‌పూర్ పథకంలో సర్జామ్‌దా వైపు వాళ్లు తమ సాంస్కృతిక స్థలంలో ట్యాంకు కట్టారని, నీటి ఖర్చు తమకు భారమవుతుందని చెప్పుకున్నారు. మండలి విచారణ జరిపి 2020లో నివేదిక ఇచ్చింది. ఆదివాసీలతో సంప్రదింపుల విషయంలో బ్యాంకు తన సొంత విధానాలనే సరిగా పాటించలేదని తేల్చింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. "మా గుట్ట మీద ఎందుకు కడుతున్నారు?" అనే ప్రశ్న ఏ చెట్టు కిందో జరిగిన గ్రామసభలో అడగాల్సినది. అది వాషింగ్టన్‌లో కేంద్ర కార్యాలయమున్న బ్యాంకు దాకా వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి కాంక్రీటు ఎండిపోయింది.

చట్టం లేక ఇలా జరిగిందా? కాదు. 1996 నాటి పెసా చట్టం నాలుగో సెక్షన్ చదవండి. సమాజ వనరులను, సంస్కృతిని కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందంటుంది. గ్రామ పంచాయతీ ఏ పథకాన్ని అమలు చేయాలన్నా ముందు గ్రామసభ ఆమోదం కావాలంటుంది. ఇంకా ముఖ్యమైనది, ఆ పథకాలకు డబ్బు ఖర్చు పెట్టాక వినియోగ ధ్రువీకరణను పంచాయతీ గ్రామసభ నుంచే తీసుకోవాలంటుంది. కలెక్టర్ నుంచి కాదు, ఇంజనీర్ నుంచి కాదు. బిందె పట్టుకుని వచ్చిన మనిషి "అవును, నీళ్లొచ్చాయి" అంటేనే లెక్క మూసినట్టు. పెద్ద పథకాలు పంచాయతీ చేతుల్లో కాకుండా పైశాఖల చేతుల్లో నడుస్తాయి కాబట్టి ఈ సెక్షన్ పక్కదారి పడుతుంది. మన పోరాటం ఉండాల్సింది సరిగ్గా అక్కడే.

నగరాల్లో ఉన్న మనకు ఈ మాత్రం కూడా లేదు. పల్లె ఓటరుకు 243ఏలో గ్రామసభ ఉంది. పట్టణ ఓటరుకు రాజ్యాంగంలో అలాంటి సభ లేదు. మూడు లక్షల జనాభా దాటిన చోట వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అంటుంది, కానీ కమిటీ వేరు, ఓటర్లందరి సభ వేరు. మీలో ఎంతమంది మీ వార్డు కమిటీ సమావేశానికి వెళ్లారో చేతులెత్తమని అడగను, ఇబ్బంది పెట్టడం ఎందుకు?

ఇది కొత్త సమస్య కూడా కాదు. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నీటివనరులు అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. మహాడ్ పురపాలక సంఘం 1924లో తన చవదార్ చెరువును తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. కాగితం మీద అది గొప్ప ప్రగతి నివేదిక. కానీ మూడేళ్లు ఒక్క దోసిలి నీళ్లు కూడా మనవాళ్లు తాగలేకపోయారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి తాగాకే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో పురపాలక సంఘం తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కోర్టులో గెలవడానికి 1937 దాకా పట్టింది. తీర్మానం చేసిన కౌన్సిలే దాన్ని తుడిచేయగలదని, అందుకే హక్కు కౌన్సిల్ మంచితనం మీద ఆధారపడకూడదని మహాడ్ మనకు నేర్పింది.

అలాగని గ్రామసభను నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. గ్రామం మీద అంబేడ్కర్‌కు భ్రమలు లేవు. 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో ఆయన ఆ మాట నిర్మొహమాటంగా చెప్పారు. పెద్దకులాల వాళ్లు ముందు వరసలో, మనవాళ్లు గోడవారన, ఆడవాళ్లు గుమ్మం బయట ఉంటే అది సభ కాదు. అందుకే ప్రశ్న రాతపూర్వకంగా ఉండాలి, జవాబు మినిట్స్‌లోకి ఎక్కాలి, ఆ మినిట్స్ మన చేతికి రావాలి.

ఇక భద్రత. ప్రతి నివేదికలోనూ మొదటి వరస అదే. ఎవరి భద్రత? కూడలిలో కెమెరా పెట్టారు, బాగుంది. వీధిదీపం గుడి మలుపు దాకా వచ్చి బస్తీ మొదట్లో ఎందుకు ఆగింది? "మ్యాన్‌హోళ్లు శుభ్రం చేయించాం" అని రాశారు. లోపలికి దిగింది ఎవరు? 2013 చట్టం మనిషిని ప్రమాదకర పద్ధతిలో దింపడాన్ని నిషేధించింది. చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. వార్డు భద్రత నివేదికలో యంత్రం కొన్నారా లేదా అనే ఒక్క వరస లేకపోతే, ఆ భద్రత మన కోసం రాసింది కాదు.

పరిశోధన చేస్తున్న మిత్రులకు ఒక విన్నపం. మనం ప్రాతినిధ్యం మీద వ్యాసాలు రాస్తాం, సెమినార్లలో మాట్లాడతాం. ఈ నెలలో మీ వార్డులోనో మీ ఊళ్లోనో ఒక్క పని లెక్క అడగండి. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఏ వీధి దగ్గర ఆగిపోయింది, ఎవర్ని అడిగి మొదలుపెట్టారు. జవాబు వస్తే అది మీ అధ్యాయం. రాకపోతే అదీ మీ అధ్యాయమే. ఆ కాగితం మీ గైడుకు చూపించే ముందు బస్తీలో అమ్మలకు చదివి వినిపించండి. తప్పులు వాళ్లే దిద్దుతారు.

జై భీమ్. జోహార్.