సింగపూరులో రాఫెల్స్ హోటలు

సింగపూరు నగరమున బీచ్ రోడ్డు అను వీథి యొకటి కలదు. పేరునుబట్టి అది సముద్రపు టొడ్డున సాగు బాట కావలెను. కాని నేడా బాటపై నిలిచి చూచినవానికి సముద్రము కానరాదు. పందొమ్మిదవ శతాబ్దమున కెరటములు దాని యంచుననే తాకుచుండెను. నేల చాలని ద్వీపము గనుక సముద్రమును పూడ్చి నగరమును పెంచుచు వచ్చిరి. తీరము క్రమముగా దూరమునకు జరిగిపోయినది. సముద్రమునకు ఎదురుగా కట్టిన రాఫెల్స్ హోటలు మాత్రము కట్టినచోటనే నిలిచియున్నది. పాత కట్టడమును బాగుచేయుట యనగా నేమి, దానిని ఏ కాలపు రూపునకు మరలింపవలెను అను ప్రశ్నకు ఈ హోటలు చరిత్ర మంచి యుదాహరణము. అందుచేతనే నేటి ప్రసంగమునకు దీనిని ఎన్నుకొంటిమి.

దీనిని స్థాపించినవారు ఆంగ్లేయులు కారు. పారశీక దేశమున ఇస్ఫహాను ప్రాంతమునుండి వచ్చిన ఆర్మీనియనులు, సార్కీస్ సోదరులు. మార్టిన్, టిగ్రాన్, అవియెట్, అర్షాక్ అని వారు నలుగురు. 1869లో సూయజు కాలువ తెరచిన పిదప ఐరోపానుండి తూర్పుదేశములకు పొగయోడలలో వచ్చు ప్రయాణికులు పెరిగిరి. ఓడ దిగినవారికి పడక, భోజనము, స్నానమునకు నీరు కావలెను. మనకు సత్రములును, పూటకూళ్ళ యిండ్లును ఏనాటినుండియో కలవు. కాని సత్రము పుణ్యమునకు, పూటకూళ్ళ యిల్లు పొట్టకూటికి. సార్కీస్ సోదరులు ఆ రెంటికిని మించిన దర్జాను అమ్మకమునకు పెట్టిరి. మొదట పినాంగులోను, పిదప సింగపూరులోను, 1901లో రంగూనులోను హోటళ్ళు తెరచిరి. రంగూనులోని వారి స్ట్రాండు హోటలు నదీతీరమున రేవునకు చేరువనే యున్నది. ఆ దినములలో విశాఖపట్టణమునుండియు, కాకినాడనుండియు స్టీమర్లెక్కి వేలకొలది తెలుగువారు కూలిపనికై రంగూను రేవున దిగుచుండిరి. వారిలో ఆ హోటలు మెట్లెక్కినవారెవరైన ఉండినచో అది మూటలు మోయుటకే యై యుండును.

సింగపూరు హోటలు 1887 డిసెంబరు 1వ తేదీన తెరువబడినది. అప్పటి కది ఒక అరబ్బు వర్తకునివద్ద అద్దెకు తీసికొన్న పది గదుల బంగళా. 1819లో అచ్చట ఆంగ్లేయుల వర్తకస్థానమును నెలకొల్పిన స్టాంఫర్డ్ రాఫెల్స్ పేరు దానికి పెట్టిరి. కొలది యేండ్లలో ఇరుప్రక్కల రెక్కలు లేచినవి. 1899లో మూడంతస్తుల ప్రధాన భవనము పూర్తియైనది. స్వాన్ అండ్ మెక్లారెన్ సంస్థకు చెందిన బిడ్వెల్ అను వాస్తుశిల్పి దానికి రూపకల్పన చేసెను.

ఈ కట్టడమును కొంచెము నిదానముగా చూతము. సింగపూరు భూమధ్యరేఖకు అతి చేరువ నున్నది. అచ్చట చలికాలము లేదు. ఏడాది పొడుగునను ఉక్కయు, వానయు. వేడిగాలి పైకి పోవును గనుక కప్పులను మిక్కిలి ఎత్తుగా లేపిరి. గోడలపై ఎండ నేరుగా పడకుండ, వానజల్లు లోనికి కొట్టకుండ వెడల్పాటి వసారాలు దించిరి. ప్రక్కభాగములలో ముందు కూర్చుండు గది, దాని వెనుక పడకగది, ఆ వెనుక స్నానపు గది వరుసగా నుంచిరి. వసారా తలుపు తెరచినచో గాలి ముందునుండి వెనుకకు సాగిపోవును. మన కోనసీమలో మండువా లోగిలి కట్టిన మేస్త్రీకి ఈ సూత్రమును ఎవరును చెప్పనక్కరలేదు. చెట్లు నాటి, నలుప్రక్కల వసారాలు కూర్చిన పామ్ కోర్టు అను ఆవరణము మన మండువాకు పెద్దక్క వంటిది. వీనికి తోడు 1899 నాటి భవనమున విద్యుద్దీపములును, విద్యుత్తుతో తిరుగు పంకాలును అమర్చిరి. సింగపూరు హోటళ్ళలో అదియే మొదలు.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. 1902లో ప్రదర్శనశాలనుండి తప్పించుకొన్న పులి యొకటి బిలియర్డ్సు గది క్రింద దూరగా కాల్చి చంపిరి. ఆ గది అప్పుడు స్తంభములపై ఎత్తుగా నుండుటచే పులికి క్రింద చోటు దొరికినది. ఆ కథను నేటికిని అతిథులకు చెప్పుచునే యున్నారు. 1915 తరువాత భవనపు ముంగిట నృత్యశాల యొకటి కట్టిరి. ప్రపంచవ్యాప్తమైన ఆర్థికమాంద్యములో 1931లో సార్కీస్ సంస్థ దివాలా తీసినది. 1933లో హోటలు ఒక కంపెనీ చేతికి పోయినది. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానువారికి లొంగిపోయినది. వారు నగరమునకు స్యోనాన్ అనియు, హోటలునకు స్యోనాన్ ర్యోకాన్ అనియు పేర్లు మార్చిరి.

1980 దశకము నాటికి హోటలు వెలవెలబోయినది. చుట్టును ఆకాశహర్మ్యములు లేచినవి. 1987లో ప్రభుత్వము దానిని జాతీయ స్మారకచిహ్నముగా ప్రకటించెను. 1989 మార్చిలో మూసి, సుమారు 16 కోట్ల సింగపూరు డాలర్లు వెచ్చించి, 1991 సెప్టెంబరులో మరల తెరచిరి. అసలు ప్రశ్న ఇచ్చటనే పుట్టినది. నూరేండ్లలో పలుమారులు పెరిగి, తరిగి, రూపు మారిన యింటిని ఏ సంవత్సరమునకు మరలింపవలెను? వారు 1915ను ఎన్నుకొనిరి. నృత్యశాలను పడగొట్టిరి. ఎన్నడో పోయిన పోత యినుప ముఖద్వారపు పందిరిని, పాత రూపమునుబట్టి క్రొత్తగా చేయించిరి. గదులన్నిటిని విడిదులుగా మార్చి 104 చేసిరి. వెనుక ప్రక్క పాత ఫక్కిలోనే క్రొత్త అంగళ్ళవరుస కట్టి, పేరుపొందిన లాంగ్ బార్ అను పానశాలను అందులోనికి తరలించిరి.

జీర్ణోద్ధరణము మనకు క్రొత్త కాదు. శిల్పములకు సున్నము పూసి ఆలయమును బాగుచేసితిమని సంతోషించినవారు మనలో కలరు. సరియైన పద్ధతిలో చేసినవారును కలరు. శ్రీశైలము ఆనకట్ట నీరు ముంచునని తెలిసి, కూడలి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున మరల నిలిపిరి. అచ్చట నీరు పైకి రాగా గుడి కదలినది. సింగపూరులో నీరు దూరము పోగా హోటలు కదలలేదు. సంగమేశ్వరము పనిలో స్థానము మారినదే కాని కాలమును ఎన్నుకొనవలసిన చిక్కు రాలేదు.

1915ను ఎన్నుకొనుటకు వాస్తుపరమైన కారణము లేకపోలేదు. అప్పటికి ప్రధాన భాగములన్నియు పూర్తియైనవి, తరువాతి అతుకులు చేరలేదు. అయినను మా మనస్సున ఒక శంక నిలిచినది. ఆ యేటనే, ఫిబ్రవరి 15న, సింగపూరులో నున్న అయిదవ లైట్ ఇన్ఫెంట్రీకి చెందిన భారతీయ సిపాయిలు ఆంగ్లేయులపై తిరుగుబాటు చేసిరి. అణచివేసిన పిదప వారిలో 47 మందిని జైలుగోడ వెలుపల జనుల యెదుట కాల్చి చంపిరి. పందిరియు, పాలరాయియు మరల చేయింపవచ్చును గాని, ఆ యేటి సంగతులు పాలరాతిపై కనబడవు. నృత్యశాల శిల్పదృష్టితో అందమైనది కాకపోవచ్చును. కాని అది తీసివేయుటతో రెండు యుద్ధముల నడిమి కాలపు ఆనవాలు పోయినది. పందిరిని మరల చేయించుట మాకు సమ్మతమే. నృత్యశాలను తీసివేయుట మాత్రము కాదు.

2017లో రెండవమారు పని ప్రారంభించి, 2019 ఆగస్టులో తెరచిరి. ఇప్పుడు విడిదులు 115. గాలి పనిని శీతలయంత్రములు చేయుచున్నవి. ఎత్తైన కప్పు కంటికి మాత్రమే మిగిలినది. లాంగ్ బార్‌లో తాటాకు విసనకఱ్ఱల వంటి పంకాలు నేటికిని వరుసగా ఊగుచుండును. పూర్వము మన కచేరీలలో పంకా లాగువాడు కాలిబొటనవ్రేలికి త్రాడు కట్టుకొని కునుకుచుండెడివాడు. ఇచ్చట ఆ పని మోటారు చేయుచున్నది. ముంగిట బీచ్ రోడ్డునకు ఆవల, ఒకప్పటి సముద్రపు దిక్కున, నాలుగు తెల్లని స్తంభములు 60 మీటర్లకు మించిన ఎత్తున నిలిచియున్నవి. జపాను ఆక్రమణలో చనిపోయిన పౌరుల స్మృతికై 1967 ఫిబ్రవరి 15న వానిని ఆవిష్కరించిరి. ఆ నాలుగింటిలో ఒకటి భారతీయులది.